తగ్గకముందే చెప్పిన సాక్ష్యం

ఆ రోజుల్లో మా ఆదిలాబాదులో మనసుకు జబ్బు చేయడమనేది లేదు. జ్వరం వచ్చేది, కామెర్లు వచ్చేవి, ఆడపిల్లకు పరీక్షల ముందు కాస్త పొగరు వచ్చేది, అంతే. ఇంటర్ చదువుతున్న నాకు కారణం లేకుండా ఏడుపొచ్చేది, అన్నం సహించేది కాదు, పొద్దున లేవాలంటే భయమేసేది. అమ్మ అక్క, మా పెద్దవ్వ, నన్ను ఎగాదిగా చూసి, "కడుపుల పురుగులున్నయే దీనికి" అని తేల్చేసింది. (ఆ మందూ మింగాను. పురుగులు పోయే ఉంటాయి.) అవ్వ, అంటే మా అమ్మ, నా కంచం వంకే చూసేది.

ఇక లాభం లేదని చర్చివాళ్లంతా మా ఇంట్లో ప్రార్థన పెట్టారు. చాపల మీద కిక్కిరిసి కూర్చుని, నా తలమీద చేతులుంచి, కన్నీళ్లతో వేడుకున్నారు. చివర్లో పాస్టరయ్యగారు "ఎట్లుంది బిడ్డా?" అనడిగారు. పాపం, ఇంత కష్టపడ్డారు కదా అని, "తక్కువైంది అయ్యగారూ" అన్నాను. ఉత్త మర్యాదకు! "స్తోత్రం!" అని ఇల్లు దద్దరిల్లింది.

మా దగ్గర స్వస్థత పొందినవాళ్లు ఊరుకుంటే కుదరదు, ఆదివారం చర్చిలో లేచి, దేవుడు ఎలా బాగుచేశాడో సాక్ష్యం చెప్పాలి. చెప్పాను. పెద్ద వక్తనని అప్పుడే తేలింది. భైంసా చర్చి సంఘం పిలిచింది, తర్వాత ఉట్నూరు. దారంతా జీపు వెనక సీట్లో ఏడ్చి, దిగగానే ముఖం కడుక్కుని, నా ఏడుపు ఎలా పోయిందో కళ్లకు కట్టినట్టు చెప్పేదాన్ని. ఇంత పేరొచ్చాక ఇంకా బాగాలేదని ఎవరితో చెప్పుకోను? డిగ్రీ అయ్యేదాకా అలాగే లాక్కొచ్చాను. ఎప్పుడు తగ్గిందో నాకే తెలియదు.

మొన్న మా అమ్మాయి ఒక పుస్తకం చేతిలో పెట్టింది. ఈ కాలం పిల్లల కోసం కథలు రాసే ఒకావిడ, పదహారేళ్లప్పుడు తన మనసు పడ్డ పాట్లు రాసుకుంది. "నాకింకా తగ్గలేదమ్మా" అని ఆవిడ తల్లితో చెప్పేసిన చోట ఆగిపోయాను. ఇంత చిన్న మాట! నాకు కుళ్లు పుట్టింది. ఆ మాట నోట రాక ఎన్నేళ్లు పాడుచేసుకున్నానో అని ఏడుపూ వచ్చింది. పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న అవ్వ "ఏమున్నదే అండ్ల?" అంది. చదివి వినిపించాను.

అవ్వ తలెత్తలేదు. "నీకు గూడ తక్కువ గాలేదని నాకెర్కే బిడ్డా. అడుగుదామనే అనుకున్న. గని, గాలేదంటే నేనేం జెయ్యాలె అని భయమైంది" అంది. ఇంకో కాయ తుంచి, "మరి ఇప్పుడు మంచిగున్నదా?" అనడిగింది.

ఇన్నేళ్లకా అని నవ్వొచ్చింది. అప్పుడే అడిగుంటే ఆ ఇంటర్ పిల్ల అవ్వ ఒళ్లో పడి బావురుమనేది. సంఘాలకు ఒక మంచి వక్త తగ్గేది, అంతే కదా.