మంట తెల్లగనే ఉంది

పరంజ్యోతిని ఇస్నాపూర్‌లో చాలామంది బర్నర్ జ్యోతన్న అనేవారు. పటాన్‌చెరు చుట్టుపక్కల కంపెనీల బాయిలర్లు ఆయిల్‌తో నడిచిన రోజుల్లో ఆయన్ని ఎరగని మెయింటెనెన్స్ వాళ్లు తక్కువ. బాయిలర్ గదిలోకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, కాసేపు బర్నర్ హోరు వినేవాడు. గాలి తక్కువైందో, ఆయిల్ ఎక్కువైందో అప్పుడు చెప్పేవాడు. తర్వాత కంపెనీలు ఒకటొకటిగా గ్యాసుకు మారాయి. ఆయన పనిచేసే మందుల కంపెనీ కూడా మారింది. పాత బర్నర్‌ని విప్పి షెడ్డు వెనక పడేశారు. ఆయన్ని కూడా ఇంటికి పంపేశారు.

మా చర్చిలో ఆయన కుటుంబం మా ముందు బెంచీలో కూర్చునేది. ఆయన, భార్య దయావతి, కూతురు క్లారా. ఇదంతా జరిగేనాటికి క్లారా సంగారెడ్డిలో నర్సింగ్ చదువుతోంది. అక్కడ ఇక్కడ విన్నదీ, దయావతి స్వయంగా చెప్పిందీ కలిపి రాస్తున్నాను.

ఉద్యోగం పోయాక ఇల్లు దయావతి నడిపింది. పక్క గదుల్లో అద్దెకుండే ఒడిశా కుర్రాళ్లకు మొదట పప్పూ అన్నం వండిపెట్టేది. వాళ్లు తమ కంపెనీలో ఇంకొందరికి చెప్పారు. చూస్తుండగానే అది మెస్ అయింది. ఇంటి వెనక రేకుల షెడ్డు వంటగదిగా మారింది. గ్యాస్ పొయ్యి మీద అంత పెద్ద గిన్నెలు ఉడికేవి కావు. పెద్ద సిలిండర్ కావలసిన రోజున వచ్చేది కాదు. డీజిల్ పొయ్యి పెట్టుకుందామని పరంజ్యోతి అన్నాడు.

"ఇంట్ల డీజిలా? నాకు భయమైతది" అంది దయావతి.

"కంపెనీల అంత పెద్ద మంటతోని బతికిన. గీ పొయ్యి ఎంత? నేను జెప్పినట్టు జెయ్యి, ఏం గాదు."

ఆ పొయ్యి బిగించినన్ని రోజులూ ఆయన మళ్లీ పాత మనిషయ్యాడు. డీజిల్ డ్రమ్మును వంటగదిలో పెట్టనివ్వలేదు. గోడ అవతల, ఎండ తగలని చోట, ఇనుప స్టాండు మీద కూర్చోబెట్టాడు. అక్కడి నుంచి రాగి పైపు గోడలోంచి లోపలికి తెచ్చాడు. పొయ్యికి గాలి కొట్టే బ్లోయర్ బిగించి, డీజిల్ ఆపడానికి పొయ్యి దగ్గర ఒక కాక్, బయట డ్రమ్ము దగ్గర ఇంకో కాక్ పెట్టాడు. లోపల అంటుకుంటే లోపలికి పోయి ఎవరు బంద్ చేస్తారు, అందుకే బయట కూడా ఉండాలి అన్నాడు. పొగగొట్టం రేకుకు తగలకుండా కప్పు మీదికి ఎత్తాడు. గోడకు కింది వైపు ఇటుకలు తీసి గాలికి దారి చేస్తుంటే ఇంటి ఓనరు యాదన్న వచ్చాడు.

"ఏంది జ్యోతీ, మంచి గోడకు బొక్కలు పెడుతున్నవ్?"

"మంటకు గాలి గావాలె అన్నా. గాలి లేకుంటె పొగైతది. ఆ పొగ ఎవల ఛాతిలకు వోతది? లోపలున్నోళ్ల ఛాతిలకే గదా."

యాదన్న ఆ ఊరి పాత రైతు. పొలం ఉన్న చోట గదులు కట్టి కిరాయికిచ్చుకున్నాడు. కాసేపు గొణిగి వెళ్లిపోయాడు.

ఆదివారం మెస్‌కు సెలవు. ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి, చొక్కా మార్చుకుని, పరంజ్యోతి పొయ్యి ముందు కూర్చునేవాడు. డీజిల్ చిమ్మే నాజిల్ విప్పి కిరోసిన్‌లో నానబెట్టి మెత్తని బ్రష్‌తో తుడిచేవాడు. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుందని ఎవరినీ పొడవనిచ్చేవాడు కాదు. ఫిల్టర్ కడిగి, డ్రమ్ము అడుగున చేరిన నీళ్లు వదిలేసి, గొట్టంలో మసి దులిపేవాడు. చివరికి మంట వెలిగించి దాని రంగు చూసేవాడు. లేత పసుపుగా, దాదాపు తెల్లగా ఉంటే మంట బాగున్నట్టు. ముదిరి ఎర్రబడి కొసలు నల్లగా పొగలు కక్కుతుంటే ఎక్కడో తప్పు ఉన్నట్టు.

దయావతికి ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాడు. "మధ్యల మంట ఆరిపోతే ఎంటనే అంటియ్యకు. కాక్ బంద్ చెయ్యి. బ్లోయర్ నడవనియ్యి. లోపల పడ్డ డీజిల్ ఆవిరి పోవాలె. పొయ్యి సల్లబడ్డంక అడుగున తడి ఉంటె గుడ్డతోని తుడువు. అప్పుడు పక్కకు నిలబడి అంటియ్యి. ముందల నిలబడకు. ఆలిస్యమైతే కానియ్యి."

ఆ పొయ్యి మీద మెస్ చాలాకాలం బాగా నడిచింది. పరంజ్యోతి కళ్లు మాత్రం పాడవుతూ వచ్చాయి.

ఆయనకు షుగర్ ఎప్పటి నుంచో ఉంది. మందులు వేసుకున్నప్పుడు వేసుకున్నాడు, లేనప్పుడు లేదు. మొదట అక్షరాలు పోయాయి. పాస్టర్‌గారు వాక్యం చదవమంటే ఆయన బైబిలు తెరిచి, కంఠతా వచ్చినదే చదివినట్టు చెప్పేవాడని మాకు ఆలస్యంగా తెలిసింది. తర్వాత మనుషుల ముఖాలు పోయాయి. కంటి డాక్టరు లేజర్ చేసి, ఉన్నది నిలబడితే అదృష్టం, పోయింది తిరిగి రాదని చెప్పాడు. ఉన్నది కూడా నిలబడలేదు. వెలుగూ చీకటీ మాత్రం తెలిసేవి.

అయినా ఆదివారం పొయ్యి ముందు కూర్చోవడం మానలేదు. అన్నీ చేతులతో తడిమి విప్పేవాడు, తడిమి బిగించేవాడు. డ్రమ్ము అడుగు నుంచి వదిలింది నీళ్లో డీజిలో వేళ్ల మధ్య రాసి చూసుకునేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న సునీల్‌కుమార్ ఇప్పుడు ధాబాలకూ మిఠాయి దుకాణాలకూ డీజిల్ పొయ్యిలు బాగుచేస్తున్నాడు. ఒకరోజు వచ్చి అడిగాడు.

"అన్నా, ఇగ నుంచి నేనొచ్చి చేసి పోత. నువ్వు పక్కన కూసొని చెప్పు, చాలు."

"ఎందుకు? నా చేతులు పోయినయా?"

"గట్ల కాదన్నా..."

"నా ఇంట్ల పొయ్యి నేనే చూసుకుంట."

సునీల్‌కుమార్ మళ్లీ అడగలేదు.

మంట వెలిగించాక రంగు మాత్రం ఆయనకు కనపడేది కాదు. దయావతిని పిలిచి అడిగేవాడు. "తెల్లగున్నదా, ఎర్రగున్నదా?"

"తెల్లగనే ఉంది" అనేది దయావతి.

మొదట్లో అది నిజమే. తర్వాత ఒక వానాకాలం మొదలైన దగ్గర్నుంచి నిజం కాదు. నాజిల్‌ని ఆయన కాస్త వంకరగా బిగిస్తున్నాడు. డీజిల్ ఒక పక్కకే పడుతోంది. మంట ఎర్రగా మండుతూ ఉండుండి ఆరిపోతోంది. గిన్నెల అడుగులు నల్లబడుతున్నాయి. ఆయన తడిమితే వేళ్లకు మసి అంటుతుందని దయావతి పని అయిన వెంటనే ఆ గిన్నెలన్నీ తోమేసేది. హోరులో ఏదో తేడా ఉందని ఒకసారి ఆయనే అన్నాడు. "బ్లోయర్ పాతగైంది గదా" అని ఆమె దాటేసింది. మంట ఆరిపోతోందన్న సంగతి కూడా చెప్పలేదు. ఆరినప్పుడల్లా ఆయన చెప్పినట్టే కాక్ కట్టేసి, ఆగి, తుడిచి, పక్కన నిలబడి వెలిగించుకునేది. సునీల్‌కుమార్‌ని చాటుగా పిలుద్దామనుకుంది. పొయ్యిని ఇంకో చెయ్యి ముట్టుకుంటే పరంజ్యోతికి తెలిసిపోతుందని ఆగింది.

అది ముసురు పట్టిన పొద్దు. ఉదయం షిఫ్టు కుర్రాళ్లు డబ్బాలు పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. కంపెనీ బస్సు వచ్చే వేళ. అన్నం సగం ఉడికి ఉండగా మంట ఆరింది. దయావతి పద్ధతి ప్రకారమే చేసి వెలిగించింది. మళ్లీ ఆరింది. "దీదీ, బస్ ఛూట్ జాయేగీ" అని, బస్సు తప్పిపోతుందని ఎవరో అరిచారు. "హో గయా, హో గయా" అంటూ ఆమె ఈసారి ఆగలేదు. వేడి పొయ్యి అడుగున డీజిల్ ఆవిరవుతూ ఉంది. అగ్గిపుల్ల గీసి ముందుకు వంగింది.

ముందు గదిలో కూర్చున్న పరంజ్యోతికి చప్పుడు వినిపించింది. దాని వెంటే భార్య అరుపు. ఆయన లోపలికి వెళ్లలేదు. గోడ పట్టుకుని, పడుతూ లేస్తూ ఇంటి వెనక్కి పోయి, స్టాండు తడిమి, డ్రమ్ము దగ్గరి కాక్ కట్టేశాడు. మంట అంతటితో తగ్గింది. కుర్రాళ్లు తడి గోనెసంచులు కప్పి దయావతిని బయటికి లాక్కొచ్చారు. షెడ్డు అంటుకోలేదు, పక్క గదులు అంటుకోలేదు. అంతమంది కాపురముండే చోట అది చిన్న సంగతి కాదు. కానీ ఆ మాట ఆయనకు చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

సంగారెడ్డి ఆస్పత్రి నుంచి హైదరాబాద్‌కు పంపారు. ముఖం ఒక పక్క, మెడ, రెండు చేతులు కాలాయి. నెలల తరబడి అక్కడే ఉంది. ఆయన వార్డు బయట బెంచీ మీద కూర్చునేవాడు. క్లారా చదువు ఆపేసి తల్లి పక్కనే ఉండిపోయింది. మేం వెళ్లినప్పుడల్లా ప్రార్థన చేసి వచ్చేవాళ్లం. పరంజ్యోతి తల వంచుకునేవాడు గానీ ఆమెన్ అనేవాడు కాదు.

కట్లు విప్పాక ఒకనాడు మధ్యాహ్నం ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు. మంచం అంచున కూర్చుని అడిగాడు.

"దయా, ఆ దినం మంట ఏం రంగున్నది?"

ఆమె క్లారా వైపు చూసింది.

"చెప్పు. తెల్లగనే ఉన్నదా?"

"లేదు."

"ఎన్ని దినాల సంది?"

"వానలు మొదలైన కాడికెల్లి."

"నేను అడిగినప్పుడల్లా తెల్లగనే ఉందంటివి గదా."

"నువ్వు గంత ఆశతోని అడుగుతుంటివి. ఎర్రగున్నదంటే ఇగ నువ్వు ఆ పని ముట్టవు. అది గూడ లేకపోతే ఏం జేస్తవ్? ఒక్క మూలకు కూసుంటవ్. నేను చూడలేకపోయిన."

ఆయన చెయ్యి చాపాడు. ఏది పట్టుకుంటే ఆమెకు నొప్పో తెలియక మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"సునీల్ వస్తనన్నడు. నేనే వద్దన్న" అన్నాడు. ఆమె వద్దంటున్నా ఆ మాటే మళ్లీ మళ్లీ అన్నాడు.

దయావతి బతికింది. వేళ్లు వంగి బిగుసుకుపోయాయి. గరిటె నిలవదు, జడ వేసుకోలేదు. మెడ ఒక పక్కకే తిరుగుతుంది. అగ్గిపుల్ల గీసిన చప్పుడైతే గది వదిలి వెళ్లిపోతుంది. మెస్ మూతపడింది. ఒడిశా కుర్రాళ్లు కొన్నాళ్లు వచ్చి పలకరించి, వేరే చోట భోజనం కుదుర్చుకున్నారు. యాదన్న చెడ్డవాడేమీ కాదు. ఆస్పత్రికి పండ్లు తెచ్చాడు కూడా. కానీ మిగతా కిరాయిదార్లు భయపడుతున్నారని, వేరే చోట చూసుకోమని చెప్పేటప్పుడు ఆయన గొంతులో సందేహమేమీ లేదు.

ఇప్పుడు కర్దనూర్‌లో ఒక్క గదిలో ఉంటున్నారు. క్లారా మందుల కంపెనీ ప్యాకింగ్‌లో షిఫ్టుకు వెళ్తోంది. పొద్దున్నే కరెంటు పొయ్యి మీద అన్నం వండిపెట్టి, అమ్మ జుట్టు దువ్వి, నాన్నకు ఇన్సులిన్ వేసి బస్సెక్కుతుంది. కాలేజీలో మళ్లీ చేర్చుకుంటారేమో కనుక్కుందామని నేనన్నాను. "చూద్దాం టీచర్" అంది. ఆ మాట అని ఏడాది దాటింది. ఆ పిల్ల మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మొన్న నేను వాళ్లింట్లో ఉండగా సునీల్‌కుమార్ వచ్చాడు. ముత్తంగి దగ్గర ఒక మిఠాయి తయారుచేసే ఇంట్లో డీజిల్ పొయ్యి సతాయిస్తోందట. హోరు ఫోనులో రికార్డు చేసి తెచ్చాడు.

"జెర విను అన్నా. నాకు సమజైతలేదు."

పరంజ్యోతి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆ హోరు గదంతా వినిపించింది. దయావతి లేచి బయటికి వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది. ఆయన విన్నాడు. ఒకసారి ఆయన పెదవులు కదిలాయి. ఏదో చెప్పబోతున్నాడనుకున్నాను.

"నాకు తెలుస్తలేదు" అని ఫోను తిరిగిచ్చాడు. "పొయ్యి బంద్ పెట్టించు. మొత్తం విప్పి, కండ్లున్నోనికి చూపించు."

"నీకు తెల్వకపోవుడేంది అన్నా?"

"తెలుస్తదనుకునుడే తప్పు. నన్ను అడగకు. ఇగ ఎన్నడు అడగకు."

సునీల్‌కుమార్ నా వైపు చూశాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

దయావతి లోపలికి వచ్చింది. "పాపం, గంత దూరం నుంచి వచ్చిండు. తెలిసింది ఏదో చెప్పకపోతివా?" అంది.

ఆమె రెండు అరచేతుల మధ్య నీళ్ల గ్లాసు పట్టుకుని ఆయన నోటి దాకా తెచ్చింది. గ్లాసు జారి ఆయన ఒడి తడిసింది. ఇద్దరూ కదలకుండా అలాగే ఉండిపోయారు. నేను లేచి, తుడవడానికి గుడ్డ ఎక్కడుందా అని వెతికాను.