చికెన్ రోల్ ముట్టని రన్నర్

ఫుట్‌బాల్ ప్రపంచకప్ ముగిసిన మరుసటి విద్యాసంవత్సరం దోహాలోని ఒక భారతీయ పాఠశాలలో అథ్లెటిక్స్ హెడ్ కోచ్‌గా చేరాను. అదే నా చివరి ఉద్యోగం. ఎండల వల్ల అక్కడ ప్రాక్టీసు తెల్లవారకముందే మొదలై బడి గంటకు ముందే ముగుస్తుంది. నాకు రెండు నియమాలుండేవి. ఖాళీ కడుపుతో పరుగెత్తాలి. ప్రాక్టీసు అయ్యాక పాఠశాల తెప్పించే చికెన్ రోల్ తినాలి. గోదావరి జిల్లాలో నేను పెరిగిన క్రీడా వసతిగృహంలో అంతే: ముందు పరుగు, తర్వాత గుడ్లు, మాంసం. అది సరైనదేనా అని నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ ఏడు పదిహేను వందల మీటర్ల పరుగులో నేను ఆశ పెట్టుకున్నది పదో తరగతి సమీరా మీద. వాళ్లు ఉండేది దోహా పక్కనున్న అల్ వక్రాలో. తండ్రి యూసుఫ్ నిజామాబాద్ వైపు మనిషి, బిర్కత్ అల్ అవామిర్‌లో ఒక గోదాముకు స్టోర్‌కీపర్. పదిహేను వందల మీటర్లంటే ట్రాకు మీద మూడు ముప్పావు చుట్లు. మొదటి రెండు చుట్లూ సమీరాదే ముందంజ. మూడో చుట్టులో కాళ్లు బరువెక్కేవి. చివరి మలుపుకు వచ్చేసరికి అందరూ ఆమెను దాటిపోయేవారు. సెలవుల నుంచి గోష్, అంటే మాంసం, మానేసిందని తోటి పిల్లలు చెప్పారు. ఇక నాకు వేరే కారణం వెతకాల్సిన పని కనిపించలేదు.

తండ్రిని మైదానానికే పిలిపించి, జట్టంతా వింటుండగా చెప్పాను. మాంసం తింటే అంతర్ పాఠశాలల పోటీకి వెళ్తుంది, లేకపోతే రిజర్వులో ఉంటుంది.

"ఏం జెయ్యాలె కోచ్ సాబ్," అన్నాడు యూసుఫ్ నుదురు రుద్దుకుంటూ. "జుమ్మా నాడు ఇల్లంత బిర్యానీ తింటది, ఈమె పెరుగన్నం కలుపుకుంటది. ఇంట్ల బక్రీ పుట్టిందని వాళ్లమ్మీ ఒకటే నవ్వుడు."

"బక్రీ మస్తు ఉరుకుతది పప్పా," అంది సమీరా.

మేక మాట విని పిల్లలు గొల్లున నవ్వారు. నాకు కోపం వచ్చింది. అసలు ఎందుకు మానేశావని గద్దించాను.

"తినబుద్ధి అయితలేదు సార్, గంతే. కాళ్లు పని జేస్తలెవ్వంటే కాళ్ల గురించి అడుగుండ్రి. నా ప్లేటు ముచ్చట మీకెందుకు?" అంతటితో ఆగలేదు. "ప్రాక్టీస్ అయినంక అందరికీ రోల్ ఇస్తరు. నాకేం ఇస్తున్నరు సార్?"

ఆమె స్థానాన్ని కృష్ణా జిల్లా అమ్మాయి గ్రేస్‌కు ఇచ్చి, సమీరాను రిజర్వులో వేశాను. రిజర్వు వాళ్లు రోజూ రానక్కర్లేదు. సమీరా మాత్రం ఒక్క రోజూ మానలేదు. నా ఎదుటే నిలబడి బూట్ల లేసులు కట్టుకునేది.

నా మాటే నిజమని తేల్చాలనుకున్నాను. తండ్రి ఒప్పుకున్నాక పాఠశాల వైద్యురాలి చేత రక్తపరీక్ష చేయించాను. ఒంట్లో ఇనుము నిల్వలు తక్కువగా ఉన్నాయని తేలింది. చూశారా, అన్నాను. వైద్యురాలు ఒకటే అడిగారు: రాత్రి భోజనం తర్వాత ఈ అమ్మాయి మళ్లీ ఎప్పుడు తింటోంది?

బడి విరామంలో, అని చెప్పాల్సి వచ్చింది. పరుగుకు ముందు నా నియమం అడ్డు. పరుగు తర్వాత నా రోల్ ఆమెకు పనికిరాదు. విరామంలో తినేది ఒక్క పరాఠా, దానితో అక్కడి చిక్కటి పాల టీ, కరక్ చాయ్. తిండితోపాటు తాగే చాయ్ ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదని అప్పుడే తెలిసింది.

మాంసం లేనంత మాత్రాన ఎదిగే పిల్లల్లో శక్తి తగ్గదని, పరుగుకు సరిపడా తిండి, మాంసకృత్తులు, ఇనుము అందకపోతేనే తగ్గుతుందని వైద్యురాలు వివరించారు. "ఇంత ఆకలితో పరుగెత్తిస్తే మటన్ తినే పిల్లయినా మూడో చుట్టులో కూలబడుతుంది సార్," అన్నారు.

మర్నాటి నుంచి పరుగుకు ముందు అందరికీ ఖర్జూరాలు, అరటిపళ్లు పెట్టించాను. తర్వాత చికెన్ రోల్‌తోపాటు శనగల రోల్, పాలు. సమీరా చాయ్‌ను తిండికి దూరంగా జరిపింది, వైద్యురాలు రాసిన ఇనుము మాత్రలు వేసుకుంది. జట్టు ముందు ఆమెను అవమానించాను కాబట్టి, తప్పు నాదేనని జట్టు ముందే ఒప్పుకున్నాను. ఆమె స్థానం ఆమెకు తిరిగి ఇస్తానన్నాను.

"గిట్ల ఇస్తే నాకొద్దు సార్. ట్రయల్ పెట్టుండ్రి. గ్రేస్‌ను ఓడగొడితే ఇయ్యుండ్రి."

"రావే, చూసుకుందాం," అంది గ్రేస్. "కావాలంటే నేనూ ఆ శనగలే తినొస్తా!"

పోటీకి పేర్లు పంపే గడువు దగ్గర పడ్డాక ట్రయల్ పెట్టాను. మూడో చుట్టులో సమీరా తగ్గలేదు. చివరి మలుపు ఇద్దరూ పక్కపక్కనే తిరిగారు. గీత దగ్గర గ్రేస్ ఒక్క అంగ ముందుంది. ఇనుము నిల్వలు అంత త్వరగా నిండవు. నిండాల్సిన వారాలను నా మొండితనం తినేసింది. ఆ ఏడు పోటీకి గ్రేసే వెళ్లింది.

సమీరా మోకాళ్ల మీద చేతులు పెట్టి వగరుస్తూ తలెత్తింది. "మూడో చుట్టుల ఆగిననా సార్?"

లేదన్నాను.

"గోష్ తిన్ననా?"

లేదన్నాను.

"గంతే," అని నడుం సరిచేసుకుని శనగల రోల్ తీసుకోవడానికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, అలసిపోయిన రన్నర్ ఎదురైతే మొదట నా ప్రాక్టీసు వేళలనూ, నేను పెట్టిస్తున్న తిండినీ చూసుకునేవాణ్ణి. ఆ పిల్ల ఏం తినడం మానేసిందన్నది చివర అడిగేవాణ్ణి.