తొమ్మిదో ముడి దగ్గర ఆరిన టార్చి

దయ్యాలను నేను నమ్మను. ఇలాంటి అనుభవం రాసే ప్రతివారూ మొదట ఈ మాటే అంటారని తెలుసు కనుక నా విషయంలో దానికి ఆధారం కూడా చెబుతాను. వనపర్తిలో పద్దెనిమిదేళ్లుగా భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. ఫలానా ఇంటిమీద రాళ్లు పడుతున్నాయనో, ఫలానా చెలకలో మంటలు కనిపిస్తున్నాయనో ఎవరైనా చెబితే, సెలవు చూసుకుని వెళ్లి, కొలిచి, కారణం నోటుపుస్తకంలో రాసుకుని వస్తాను. అలాంటివి పదకొండు చూశాను. పదకొండింటికీ కారణం దొరికింది.

పన్నెండోది మా అక్కవాళ్ల చేనులో జరిగింది.

దానికి మూలం ఒక టార్చి లైటు. మన్ననూర్‌లో అడవి కాపలా పని చేసే నా పాత విద్యార్థి ఒకసారి ఫోన్ చేసి, "సార్, మంచి బ్యాటరి ఒకటి జూసి చెప్పుండ్రి. దుకాణపోల్లు చెప్పేదంత అబద్ధమే" అన్నాడు. మా ప్రాంతంలో టార్చిని బ్యాటరి అనే అంటారు. నాకు నచ్చిన పని అది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాల్లో ఆరు రకాలు కొన్నాను.

డబ్బా మీద అచ్చువేసిన అంకెలను పక్కన పెట్టాను. వెలిగించిన క్షణంలో కాక, ఐదు నిమిషాలు వేడెక్కిన తర్వాత మీటరుతో వెలుగు కొలిచాను. మంచి వెలుగు ఎంతసేపు నిలుస్తుందో గడియారం పెట్టి చూశాను. నడుమెత్తు నుంచి నల్లరాతి మీద పడేశాను. అరగంట నీళ్ల బకెట్‌లో ముంచాను. లోపలి సెల్ మార్చుకునే వీలుందా, తడిచేతితో మీట పనిచేస్తుందా అని చూశాను. కళ్లు చెదిరే నీలితెలుపు కంటే కొంచెం వెచ్చని తెలుపు మేలు. ఎండుటాకుల మీది పాము ఆ వెలుగులోనే విడిగా కనబడుతుంది. చివరికి ఆరింటిలో ఒకటే మిగిలింది. అల్యూమినియం ఒళ్లు, రబ్బరు వలయంతో బిగించిన మూత. అవి రెండు కొన్నాను. ఒకటి విద్యార్థికి పంపాను. రెండోది నర్సింహ బావకు ఇచ్చాను.

బావ అంటే మా అక్క భర్త. పెబ్బేరు దగ్గర వాళ్లకు నాలుగెకరాల చెలక ఉంది. ఆ యాసంగిలో వేరుశనగకు ఊడలు దిగే సమయానికి బోరు ఎండిపోయింది. రెండు తడులు ఇస్తే పంట చేతికి వస్తుంది, లేకపోతే లేదు. చేనులో పాత బావి ఒకటి ఉంది. పశువులు పడకుండా నాలుగేళ్లుగా దాన్ని బండలతో, ముళ్లకంపతో కప్పి ఉంచారు. అడుగున ఇంకా నీళ్లున్నాయి. పాత పైపు మూతికి చుట్టుకున్న చెత్త తీసేస్తే మోటారు పనిచేస్తుందని బావ ఆశ. ఆదివారం రమ్మని నన్ను పిలిచాడు. నేను వెళ్లాను.

మధ్యాహ్నం రెండు గంటలైంది. బావి దగ్గర నలుగురమే ఉన్నాం. నేను, బావ, కూలికి వచ్చిన భీమన్న, పక్క చేను ఆసామి కిష్టయ్య. కిష్టయ్యకు డెబ్బై దాటాయి. ఒకప్పుడు బావుల్లో పూడిక తీసిన మనిషి.

బండలు జరపగానే ఆయన, "ముంగట కందిలి దించుర్రి. గిన్నేండ్లు మూసిన బాయి ఇది" అన్నాడు.

బావ నవ్వాడు. "కందిలి యాడిది పెద్దనాయినా? గ్యాసునూనె ఎవరింట్ల ఉన్నది చెప్పు. మా బామ్మర్ది తెచ్చిన బ్యాటరి జూడు. అడుగుల సూది వడ్డా దొర్కుతది."

"సూది సంగతి గాదురా నేను చెప్పేది..."

ఆయన మాటకు అడ్డుపడింది నేను. కందిలి అనే కిరోసిన్ లాంతరుకంటే ఈ టార్చి వెలుగు ఎన్నో రెట్లు ఎక్కువని, కందిలి గాజు పగిలే ప్రమాదం కూడా ఉందని వివరించాను. "సదువుకున్నోనివి, నీకు చెప్పేటంతోన్నా నేను" అని కిష్టయ్య బీడీ వెలిగించుకుని గట్టు మీద కూర్చున్నాడు.

పాతబావిలోకి కందిలి ఎందుకు దించుతారో నాకు తెలుసు. మంట ఆరిపోతే అక్కడ పీల్చే గాలి లేదని గుర్తు. కుళ్లిన ఆకుల నుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువు గాలికంటే బరువైనది కనుక బావి అడుగున నిలుస్తుంది. ఈ పాఠం నేను ఏటా పిల్లలకు చెబుతాను. అయినా ఆ మధ్యాహ్నం కందిలి అన్న మాట నాకు వెలుగుగా మాత్రమే వినిపించింది. నెలరోజులుగా నా తలలో వెలుగు కొలతలే ఉన్నాయి. ఇది సాకు కాదు. జరిగింది చెబుతున్నాను.

లోతు కొలవడానికి తాడుకు గజానికో ముడి వేశాను. టార్చిని తలకిందులుగా కట్టి వెలిగించి దించాను. గోడల మీద గుండ్రని తెల్లటి వెలుగు దిగుతూ పోయింది. తొమ్మిదో ముడి నా చేతిలోకి వచ్చినప్పుడు ఆ వెలుగు పసుపైంది, తర్వాత వత్తి కొసలా ఎర్రబడింది, ఆరిపోయింది. పైకి లాగితే ఎనిమిదో ముడి దగ్గర మళ్లీ తెల్లగా వెలిగింది.

రెండోసారి దించాను. తొమ్మిదో ముడి దగ్గర ఎర్రబడి ఆరింది. మూడోసారీ అంతే.

ఈ రకం తెల్లటి ఎల్‌ఈడీ దీపం సెల్ బలహీనపడితే మసకబారుతుంది తప్ప అలా నిప్పులా ఎర్రబడదు. అది నాకు తెలుసు. అయినా నోటుపుస్తకం తీసి ఇలా రాశాను: "మూడుసార్లు. తొమ్మిదో ముడి. ఎరుపు. స్ప్రింగు కాంటాక్టు లోపం." మూత విప్పి స్ప్రింగు తుడిచి, కొత్త సెల్ వేసి, గట్టిగా బిగించాను. నాలుగోసారి టార్చి పదకొండో ముడి దాకా, నీళ్లను తాకేదాకా తెల్లగా వెలిగింది. పైపు మూతికి చుట్టుకున్న చెత్త స్పష్టంగా కనిపించింది.

"ఇక దిగొచ్చు బావా" అన్నాను.

నడుముకు తాడు కట్టుకొమ్మని భీమన్న అన్నాడు. మెట్లున్నాయి గదా అని బావ వినలేదు. టార్చిని మెడకు తగిలించుకుని, గోడలోకి దిగేసిన రాతిమెట్ల మీదుగా దిగాడు. దిగుతూ భీమన్నతో, "పైపు ఊడితే సాయంత్రం నీకు కల్లు, ఊడకుంటే నాకు" అన్నాడు. ఆ తర్వాత, "బామ్మర్దీ, జర తల తిరుగుతున్నది" అన్నాడు. మరో మాట లేదు. నీళ్ల చప్పుడు వినిపించింది.

నేను గట్టు దాటబోయాను. కిష్టయ్య నా చొక్కా వెనకనుంచి పట్టుకుని కింద పడేశాడు. "నువ్వు గూడ సస్తవా? గాలి లేదు బిడ్డా అండ్ల, గాలి లేదు" అని నా మీద కూర్చున్నంత పని చేశాడు. నేను బతికి ఉండడానికి కారణం ఆ ముసలాయన చేతిపట్టు.

అగ్నిమాపక సిబ్బంది వచ్చి మొదట నూనెగుడ్డ వెలిగించి నా తాడుకే కట్టి దించారు. తొమ్మిదో ముడి దగ్గర అది ఆరిపోయింది. బావను పైకి తీయడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అంతసేపూ టార్చి ఆయన మెడకే ఉండి, నీళ్లలోనుంచి తెల్లగా వెలుగుతూనే ఉంది. అరగంట నీళ్లలో పనిచేయాలన్నది నేను పెట్టిన పరీక్ష.

తర్వాత నేను చేసినవన్నీ రాస్తున్నాను, తప్పు పట్టదలిచినవారు పట్టవచ్చు. భీమన్నను, కిష్టయ్యను విడివిడిగా అడిగాను. వెలుగు ఏ రంగైందో నేను చెప్పకముందే ఇద్దరూ ఎరుపన్నారు. ప్రమాదం తర్వాత మేము ఊహించుకున్నామనడానికి లేదు, నా రాత బావ దిగకముందుది. ప్రయోగశాలలో గాజుజాడీ నిండా బొగ్గుపులుసు వాయువు పట్టి అందులో టార్చిని ముంచాను. జాడీలోనే దాని పక్కన ఉంచిన కొవ్వొత్తి ఆరింది, టార్చి ఆరలేదు. పాత సెల్‌నే తిరిగి వేసి, స్ప్రింగు వదులు చేసి, తలకిందులుగా ఊపి, కొట్టి చూశాను. స్ప్రింగు వదులైతే వెలుగు మినుకుమంటుంది, ఎర్రబడదు. కిష్టయ్యను పక్కన పెట్టుకుని అదే బావిలోకి అదే తాడుతో ఇరవైసార్లు దించాను. ఒక్కసారీ ఆరలేదు.

నేను కొలిచినంతవరకు ఆ టార్చిలో ఏ లోపమూ లేదు. గాలి లేనిచోట ఆరిపోవడం మంటకున్న గుణం, దానికి లేదు. అయినా మూడుసార్లు మంటలాగే ప్రవర్తించింది, మంట ఆరవలసిన చోటే. నేను బాగుచేసిన తర్వాత మానేసింది. నోటుపుస్తకంలో "కాంటాక్టు లోపం" కొట్టేశాను. దాని స్థానంలో రాయడానికి ఏమీ లేదు.

దినాలనాడు చుట్టాలు భోజనాలకు లేచాక అక్క నా పక్కన వచ్చి కూర్చుంది. భీమన్న అంతా చెప్పినట్టున్నాడు. ఏడవలేదు. చాలా మెల్లగా అడిగింది.

"మూడుసార్లు ఆరెనంట గదా, తమ్మీ. నాలుగోసారి ఎందుకు దించినవ్?"

పైన రాసిన పరీక్షల్లో ఏదీ ఆ ప్రశ్నకు జవాబు కాదు. జవాబు నాకు తెలుసు. మూడుసార్లు ఆరింది చూసి కూడా, టార్చికి ఏమైందనే అడిగాను. బావిలో ఏముందని అడగలేదు. తెలియనిది ఆ టార్చి సంగతి ఒక్కటే. ఎవరైనా కారణం కనుక్కుంటే నాకు రాయండి. నా పుస్తకంలో ఆ వరుస ఖాళీగా ఉంది.