అటు తిరిగిన నార్దు మేష్టారు

నార్దు మేష్టారు క్లారినెట్‌కు పాట రాసేవారు కాదు, కట్టుడు పళ్లు పెట్టుకున్న చెన్సాకు రాసేవారు. ట్రాంబోన్‌కు కాదు, రెండు గుక్కలకే ఆయాసపడే కసాయి కొట్టు రోమెయోకు రాసేవారు. పగలు బళ్లో పిల్లల బ్యాండు, సాయంత్రం సాన్ రోక్కు సంఘం బ్యాండు. బళ్లో పాలపళ్లు ఊడుతుంటాయి, సంఘంలో అసలు పళ్లే ఊడుతుంటాయి. ఈ రెండు ఊడడాల మధ్యే ఆయన జీవితం గడిచిపోయింది.

ఆయన చాలా మంచివాడు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది. ఎవరూ పదిమందిలో నవ్వులపాలు కాకూడదని, కష్టమైన వరస ఏదున్నా ముగ్గురు నలుగురికి కలిపి రాసేవారు. చెన్సాను పక్కకు పిలిచి, "కంగారు పడకమ్మా, అందకపోతే వదిలెయ్, రోమెయో అందుకుంటాడు" అనేవారు. రోమెయోను ఇంకో పక్కకు పిలిచి, "ఊపిరాడకపోతే ఆపెయ్ రా, చెన్సా ఉందిగా" అనేవారు. ఆ మాట తనొక్కరికే చెప్పారని ఎవరికి వారే అనుకునేవారు. ఇన్నేళ్లూ బ్యాండు గుంపులో గోవిందా అన్నట్టు నడిచిపోయింది.

ఎనభై దాటిన కార్మ్ను అనే ముసలివాడు మాత్రం పెద్ద ట్యూబా ఒళ్లో పెట్టుకుని ఒకే స్వరం ఊదేవాడు. భోం, మళ్లీ భోం. బతికున్నవాణ్ణి బ్యాండులోంచి తీసెయ్యడం మా హల్ జిర్బా ఊళ్లో ఆచారం కాదు. అందుకని ప్రతి పాటలోనూ ఆ భోం పట్టేందుకు ఇంత చోటు ఉండేది.

మేష్టారి బుర్రలో పడుచువయసు నుంచీ ఒక పాట ఉండేది. నిదానంగా, పొడుగ్గా సాగే వరస. ఎవరి పళ్లకూ, ఎవరి ఊపిరికీ కుదించనిది. ఏటా రాద్దామని కూర్చునేవారు, చెన్సా గుర్తొచ్చి మూసేసేవారు.

చివరికి భార్య రోజారియాకే ఒళ్లు మండింది. "వంటింట్లో కూనిరాగం వినీ వినీ నా చెవులు తుప్పు పట్టాయి. ఈ ఏడు రాస్తావా, లేక నీతోపాటే పాతిపెట్టమంటావా?"

రాశారు. సాన్ రోక్కు పండగ కచేరీకి అదే పాటన్నారు. వసంతమంతా సాధన జరిగింది. సంఘం కిటికీలు చౌక్‌లోకే తెరుచుకుంటాయి గనుక, రొట్టెల కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లకు కూడా వరస వచ్చేసింది. సాధనలో అందరూ బాగానే ఊదారు. తప్పుపోతే అడిగేదెవరు?

పండగ సాయంత్రం సంగతి వేరు. చౌక్ నిండా జనం. ఎదుటి వైపు మనకు పోటీ బ్యాండయిన సాన్ బాస్త్యాన్ సంఘం మేడ. మన పండగ నాడు వాళ్లు కిటికీలన్నీ బిగించుకుని, మేం వినడంలేదు అన్నట్టు లోపల చెమటలు కక్కుతూ కూర్చుంటారు. వాళ్ల పండగ నాడు మనవాళ్లదీ అదే చెమట.

వేదిక ఎక్కేముందు ఒక్కొక్కరే వణుకుతూ మేష్టారి దగ్గరికొచ్చారు. మేష్టారి గుండె ఎప్పటిలాగే కరిగింది. అలవాటు ప్రకారం ఒక్కొక్కరికీ అదే మాట చెప్పారు: అందకపోతే వదిలెయ్, పక్కవాళ్లున్నారు.

మొదటి భాగం బాగానే గడిచింది. ఆ పొడుగు వరస వచ్చింది. మేష్టారు కళ్లు మూసుకుని కర్ర ఎత్తారు.

చెన్సా రోమెయోకు వదిలింది. రోమెయో చెన్సాకు వదిలాడు. అందరూ అందరికీ వదిలేశారు. చౌక్‌లో కార్మ్ను భోం ఒక్కటే వినబడింది.

"కరెంటు పోయిందా?" అన్నారెవరో జనంలో.

"బూరలకు కరెంటేమిట్రా వెధవా!"

భోం, అంది ట్యూబా. మేష్టారికి అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది.

అప్పుడు ఎదుటి మేడ మీద ఒక కిటికీ కిర్రుమంది. కార్నెట్ బూర పలికింది. సరిగ్గా ఆ వరసే, నిదానంగా, ఒక్క స్వరం తగ్గకుండా. వాయిస్తున్నది డోరియెట్, బాస్త్యాన్ వాళ్ల పిల్ల, మందుల కొట్లో పనిచేస్తుంది. చిన్నప్పుడు బళ్లో మేష్టారి దగ్గరే నేర్చుకుంది. గురువు అలా నిలబడిపోతే చూడలేకపోయింది.

మేష్టారు వెనక్కి తిరిగారు. సొంత బ్యాండుకు వీపు పెట్టి, శత్రువుల కిటికీకేసి కర్ర ఊపారు. చెంపల మీద కన్నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

సంఘం అధ్యక్షుడు సాల్వు డప్పు దగ్గర నుంచి లేచాడు. "ఒరేయ్, మన పాట వాళ్లెత్తుకుపోతున్నార్రా! ఊదండి!"

చెన్సా పళ్లు తీసి జేబులో పడేసి ఊదింది. రోమెయో మొహం ఎర్రబడేదాకా ఊదాడు. నిదానంగా సాగాల్సిన పాట వీధి తగువులా ముగిసింది. జనం ఈలలు వేశారు.

మర్నాడు కమిటీ ఆయన్ను పిలిపించింది. టీ, జున్ను కూరిన పస్తిజ్జీలు ముందు పెట్టి మరీ నిలదీశారు. సాల్వుకు ఆయనంటే ప్రాణం. "మేష్టారూ, ఈగ వాలితే తోలుకోడానికి అటు తిరిగానని ఒక్క మాటనండి. అంతటితో వదిలేస్తాం."

"ఈగా లేదు, దోమా లేదు. పడుచువయసు నుంచీ వినాలనుకున్న పాట అటునుంచి వినబడింది, తిరిగాను. రేపు మళ్లీ వాయిస్తే మళ్లీ తిరుగుతాను."

"ఎంత ద్రోహం!" అని రోమెయో బల్ల గుద్దాడు. ఏడాదిపాటు మేష్టారు కర్ర పట్టకూడదని తీర్మానం అయింది. ఆ తర్వాత సాల్వు గొంతు సవరించుకున్నాడు. "వచ్చే ఏటి పాట మాత్రం మీరే రాయాలి. మీరు కాకపోతే ఇంకెవరున్నారు?"

"రాస్తాను. కానీ ఇకనుంచి ఒకరికి రాసింది ఇంకొకరికి రాయను. ఎవరైనా వదిలేస్తే అక్కడ ఖాళీయే."

ద్రోహానికి కూడా గదిలో ఎవరూ అంత బెదరలేదు. చెన్సా నాలుకతో పళ్లు తడుముకుంది. రోమెయో మంచినీళ్లు అడిగాడు.

మూలనుంచి కార్మ్ను చెయ్యెత్తాడు. "నాక్కూడా ఒక వరస రాయి నార్దూ. ఆ భోం భోం ఊది ఊది విసుగెత్తింది."

ఊపిరి ఎంతవరకు ఆగుతుంది బాబాయ్ అని అడగబోయారు మేష్టారు. అడగలేదు.

"రాస్తాను" అన్నారు.