నీళ్ళు వెనక్కి వెళ్ళిన రేవు

మా వైపు నీళ్ళు తగ్గితే ఎవరూ భయపడరు. పెరిగితేనే భయం. తమ్మిలేరు పొంగితే ఏలూరు పల్లపు వీధుల్లో బియ్యం బస్తాలు మంచాలెక్కుతాయి. కొల్లేరు నిండితే లంక ఊళ్ళకి దారి మునిగిపోతుంది. నీళ్ళు తగ్గడం మాత్రం మాకు పండుగ. వేసవిలో లాకులు దించి కాలువ కట్టేశారని తెలియగానే, అడుగున మిగిలిన మడుగుల్లోకి ఆడా మగా బుట్టలు పట్టుకుని దిగిపోతారు. చేపల చెరువు పట్టుబడికి వచ్చినప్పుడూ అంతే, నీరు తోడేశాకే వల దించుతారు. తగ్గిన నీరంటే మాకు రమ్మని పిలుపు. మళ్ళీ నీరు రావడానికి ఎంత లేదన్నా రోజులు పడుతుంది, అది వస్తోందని కబురు ముందే వస్తుంది.

ఆ నమ్మకమే ఒక పరాయి రేవులో మా ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది.

ఏలూరులో నాకు చేపల మేత దుకాణం ఉంది. నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్క మాత్రం చెరువు గట్ల మీద నేర్చుకున్నాను. వలకి పడిన చేపల్ని తూచి, చెరువు మొత్తంలో ఎంత బరువు ఉంటుందో, రోజుకి ఎంత మేత వేయాలో రైతులకి చెబుతాను. లెక్క తప్పితే మేత మిగిలి నీరు చెడుతుంది, తెల్లారేసరికి చేప నోళ్ళు తెరుచుకుని పైకి తేలుతుంది. అందుకని ఏ పనికైనా ముందు చెడు వైపు నుంచి లెక్క మొదలుపెట్టడం నాకు అలవాటైపోయింది. ఈ అలవాటుని ఇంట్లో పిరికితనం అంటారు.

మేత కంపెనీ వాళ్ళు డీలర్లని భార్యలతో సహా స్పెయిన్ తీసుకెళతామన్నప్పుడు నేను సంతోషించింది తక్కువ. విమానం, ఓడ, భాష తెలియని ఊరు. పాస్‌పోర్టులు పెట్టిన సంచీ మెడలో వేసుకుని, పడుకున్నప్పుడు కూడా తియ్యలేదు. బార్సిలోనా చూపించి, అక్కడి నుంచి ఓడలో మెనోర్కా అనే ద్వీపానికి తీసుకెళ్ళారు. మా ఆవిడ కొల్లేటి లంకలో పుట్టిన మనిషి. ఓడ మీద నుంచి ఆ ద్వీపం కనపడగానే నవ్వేసింది.

"ఏవండీ, ఇంత దూరం తీసుకొచ్చి మళ్ళీ లంకే చూపిస్తున్నారేంటండీ?"

మాతో వచ్చిన జంగారెడ్డిగూడెం డీలరు కోళ్ళ మేత అమ్ముతాడు. నన్ను బావగారూ అంటాడు, మా ఆవిణ్ణి అక్కయ్యగారూ అంటాడు, ఇద్దర్నీ ఏడిపిస్తాడు. "లంక కాబట్టే మీకు బెంగ లేదండీ అక్కయ్యగారూ. మేం మెట్టోళ్ళం. నీళ్ళు గ్లాసులో ఉంటేనే మాకు ధైర్యం" అన్నాడు.

ద్వీపం పడమటి చివర సియుతదెల్యా అనే పాత రేవు పట్నం ఉంది. బెల్లం రంగు రాయితో కట్టిన ఇళ్ళు, ఇరుకు సందులు, కమానుల కింద దుకాణాలు, నడి ఊళ్ళో పెద్ద చర్చి. ఊరంతా ఎత్తు మీద ఉంటుంది. రేవు మాత్రం కింద. సముద్రం అక్కడ సన్నటి పాయలా భూమిలోకి చొచ్చుకు వచ్చి ఊరి గోడ కింద ఆగిపోతుంది. మా పంట కాలువని కాస్త వెడల్పు చేసి, రెండు వైపులా రాతి గట్టు కట్టినట్టు ఉంటుంది. గట్టు వెంబడి పడవలు, వాటి వెనక భోజనాల హోటళ్ళు. ఊళ్ళోంచి రేవుకి వాలుగా మెట్ల దారి ఉంది.

పెద్ద మైదానం మధ్యలో కోసుగా ఒక రాతి స్తంభం చూపించారు. ఎప్పుడో ఈ సముద్రం మీద నుంచే ఓడల్లో దండు వచ్చి ఊరు తగలబెట్టి, మిగిలిన జనాన్ని బానిసలుగా పట్టుకుపోయిందట. దాని గుర్తు అది. అంత అందమైన ఊళ్ళో మొదట చూపించేది అదేనా అనుకున్నాను. ఆ స్తంభం పక్కన నిలబడి కిందనున్న రేవు వైపు చూస్తే, నీరు గాజులా కదలకుండా ఉంది. ఆ నిశ్చలత నాకు నచ్చలేదు.

ఆ పొద్దున్నే ఆకాశం పసుపు పట్టినట్టు మసగ్గా ఉంది. గాలి వేడిగా వచ్చి మొహానికి తగిలి ఆగిపోయేది. మేం దిగిన హోటల్లో కౌంటరు దగ్గరున్న ఆవిడ మా టూర్ మేనేజరుతో చేతులు పైకీ కిందికీ ఊపుతూ ఏదో చెప్పింది. అతను మాకు చెప్పిన తెలుగు ఇది:

"ఇవాళ రేవులో నీళ్ళు పైకీ కిందికీ అవుతాయటండీ. కింద కూర్చోవద్దు, పైనే తిరగమంటున్నారు."

నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాకు తెలియనిదా? కొల్లేరు నీటిని సముద్రానికి తీసుకెళ్ళే ఉప్పుటేరులో రోజూ జరిగేదే. పోటుకి నీరు ఎక్కుతుంది, పాటుకి తగ్గుతుంది. ఒక పూట అటు, ఒక పూట ఇటు. నిదానంగా, ఎద్దు బండిలా.

"పోటూ పాటూనండీ" అంది మా ఆవిడ మేనేజరుతో. "మాకలవాటే."

మధ్యాహ్నం భోజనమయ్యాక కాళ్ళు లాగుతున్నాయని, కాసేపు నీళ్ళలో పెట్టుకుంటానని అంది. రేవు గట్టు నుంచి నీళ్ళలోకి నాలుగైదు రాతి మెట్లు దిగుతాయి, పడవెక్కేవాళ్ళ కోసం. ఆ చివరి మెట్టు మీద కూర్చుని చెప్పులు పక్కన పెట్టి కాళ్ళు వేలాడేసింది. నేను సంచీ తడుస్తుందని, గట్టుకి వెనకున్న మెట్ల దారిలో ఎత్తు మీద నిలబడ్డాను. జంగారెడ్డిగూడెం ఆయన నా పక్కనే చుట్టూ ఫోటోలు తీసుకుంటున్నాడు. గట్టు మీద హోటలు వాళ్ళు కుర్చీలు బయట వేయకుండా దొంతరలుగా పేర్చి ఉంచారు. పడవల తాళ్ళు వదులుగా, అవసరమైన దానికన్నా పొడుగ్గా కట్టి ఉన్నాయి. రెండూ చూశాను. రెండూ కలిపి చూడలేదు.

ముందు చప్పుడు వచ్చింది. తూము పలక ఎత్తినప్పుడు వచ్చే గుటకల చప్పుడు. మా ఆవిడ కాళ్ళ కింద నుంచి నీరు జారిపోతోంది. గట్టు గోడ మీద తడి గీత ఒకటి పైన మిగిలిపోయి, నీరు దాని కింద జానెడు దిగింది. నేను ఇంకా చూస్తుండగానే రెండో జానెడు దిగింది. పాచి పట్టిన రాళ్ళు బయటపడ్డాయి. గట్టుని ఆనుకుని ఉన్న చిన్న పడవలు పక్కకి ఒరిగి అడుగులు చూపించాయి.

"ఏవండోయ్! ఇలా చూడండి, చేపలు!" అని అరిచింది కింద నుంచి.

రాళ్ళ మధ్య మిగిలిన గుంటల్లో వెండి ముక్కల్లా చిన్న చేపలు ఎగురుతున్నాయి. ఆవిడ అప్పటికే మెట్టు దిగి బురదలో కాలు పెట్టేసింది. కొంగు నడుము దగ్గర గట్టిగా దోపుకుని ఒడి కట్టింది, చిన్నప్పుడు కాలువ కట్టేసిన రోజుల్లో చేసినట్టే. వంగి రెండు చేతులతో చేపల్ని ఏరి ఒళ్ళో వేసుకుంటోంది.

"చూశారా బావగారూ, మీవాళ్ళకి నీళ్ళు తగ్గితే చాలు, దేశం కూడా గుర్తుండదు" అని నవ్వాడు పక్కాయన. నేనూ నవ్వాను. నవ్వుతూనే గోడ మీది తడి గీత వైపు చూశాను. అప్పటికి అది నడుమెత్తు పైన ఉంది.

చెరువు ఖాళీ చేసేటప్పుడు నీరు ఎంత వేగంగా దిగుతుందో నాకు తెలుసు. తూము ఎంత తెరిస్తే ఎంతసేపటికి ఎంత దిగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఈ రేవు పొడుగెంత, దాని నోరు ఎంత ఇరుకు! ఇంత నీరు ఇంత తొందరగా బయటికి పోవాలంటే దారి తెరిస్తే చాలదు, అవతల నుంచి ఎవరో లాగుతుండాలి. లాగినవాడు చెయ్యి వదిలితే?

వెళ్ళిన వేగంతోనే తిరిగొస్తుంది.

ఆ మాట నా బుర్రలోకి రాగానే కిందికి పరుగెత్తాను. "పైకి రా!" అని అరిచాను. ఆవిడకి వినపడలేదు. ఈలోగా పడవల్లోని మనుషులు, గట్టు మీది హోటలు వాళ్ళు అందరూ మా ఆవిడ వైపు చేతులూపుతూ కేకలు వేస్తున్నారు. ఆ భాష నాకు రాదు. ఆ కేక మాత్రం ఏ భాషలోనైనా ఒకటే. ఆవిడ తలెత్తి చూసింది. చేపలు తీయొద్దని తిడుతున్నారనుకుందట.

"తినడానికి కాదండీ! చచ్చిపోతున్నాయి, లోతులో వేసేస్తాను!" అని వాళ్ళకి తెలుగులోనే జవాబు చెప్పింది.

నేను మెట్ల దారి దిగి గట్టు అంచుకి చేరేసరికి నీరు తిరిగింది. అల రాలేదు. నురగ లేదు, హోరు లేదు. పొయ్యి మీద పాలు పొంగినట్టు అడుగు నుంచి లేచింది. ఆవిడ చీలమండలు మునిగాయి. మెట్ల వైపు నాలుగడుగులు వేసేలోగా మోకాళ్ళు మునిగాయి. తడిసిన చీర కాళ్ళకి చుట్టుకుంది. కొల్లేరులో ఈదిన మనిషే, కానీ ఒళ్ళో చేపల బరువు, నీళ్ళు నిండిన ఒడి ఆవిణ్ణి ముందుకి వంచేసి కిందికి లాగుతున్నాయి. నీరు నడుము దాకా వచ్చి ఆవిణ్ణి మెట్ల దగ్గరి నుంచి పక్కకి, రెండు పడవల మధ్యకి తోసేసింది. ఆ పడవలు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. మధ్యలో ఆవిడ తల.

నాకు ఈత రాదు. గట్టు మీద బోర్లా పడుకుని, పడవలు కట్టే ఇనప కడియంలో ఒక చెయ్యి దూర్చి రెండో చెయ్యి చాపాను. బారెడు దూరం అందలేదు.

"కొంగు వదులు! కొంగు వదిలెయ్యవే!"

ఆవిడ కళ్ళు నన్నే చూస్తున్నాయి. నా మాట చెవిన పడిందో లేదో తెలియలేదు. చేతులు రెండూ నీళ్ళ పైన కొట్టుకుంటున్నాయి. తర్వాత ఒక చెయ్యి నీళ్ళలోకి పోయింది. ఆ చెయ్యి మళ్ళీ పైకి వచ్చేదాకా నేను దేవుణ్ణి కూడా తలుచుకోలేదు. చెయ్యి వచ్చింది. దాని వెనకే కొంగు విప్పారి నీళ్ళ మీద పరుచుకుంది. చేపలు పోయాయి.

పక్క పడవలోని ముసలాయన, తెల్ల గడ్డం, ఎండకి కాలిన మొహం, వంగి తెడ్డు అందించాడు. ఆవిడ పట్టుకుంది. ఆయన లాగలేదు, తెడ్డుని పడవకి అదిమి పట్టుకున్నాడంతే. నీరు పెరుగుతోంది, పడవ లేస్తోంది, దాంతో పాటే ఆవిడా పైకి వస్తోంది. ముంచబోయిన నీరే ఆవిణ్ణి నా చేతికి అందించింది. మణికట్టు దొరికింది. వెనక నుంచి జంగారెడ్డిగూడెం ఆయన నా కాళ్ళు పట్టుకుని లాగుతున్నాడు. ముగ్గురం గట్టు మీద కుప్పగా పడ్డాం. నీరు గట్టు దాటి మా కిందికి కూడా వచ్చింది. లేచి, ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని, మెట్ల దారి వెంట పైకి పరుగెత్తాం.

పైన గోడ దగ్గర ఆగి చూస్తే ఆవిడ మోచేతి దగ్గర చర్మం లేచిపోయింది. అంతకన్నా దెబ్బ లేదు. హోటలు అమ్మాయి ఒకతె దుప్పటి తెచ్చి కప్పింది. టూర్ మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చి, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి చెప్పాడు. దీన్ని ఇక్కడ రిసాగా అంటారట. పోటూ కాదు, పాటూ కాదు. ఎక్కడో సముద్రం మీద గాలి బరువు మారితే ఈ రేవు ఇలా ఊపిరి పీల్చి వదులుతుందట. ఒక్కసారితో ఆగదట.

ఆగలేదు. మేం చూస్తుండగానే మళ్ళీ గుటకల చప్పుడు మొదలైంది. రేవు మళ్ళీ ఖాళీ అయింది. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది, ఇందాక నేను పట్టుకున్నంత గట్టిగా.

"అదిగోనండీ" అంది మెల్లగా. కింద బురదలో, రాళ్ళ పక్కన, ఆవిడ చెప్పు ఒకటి వెల్లకిలా పడి ఉంది. చేతికందేంత దగ్గరలో ఉన్నట్టే ఉంది. దాని పక్కనే గుంటలో చేపలు ఎగురుతున్నాయి.

"ఉండనీ."

"తెమ్మంటున్నానా? ఉందని చెబుతున్నానంతే."

ఇద్దరం ఆ చెప్పునే చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి నీరు చప్పుడు లేకుండా లేచి దాన్ని కప్పేసింది. అప్పుడు ఆవిడ ఒళ్ళంతా ఒక్కసారి జలదరించడం నా చేతికి తెలిసింది. నీళ్ళలో ఉన్నప్పుడు కూడా ఆవిడ అంత భయపడలేదని నాకు అనిపించింది.

జంగారెడ్డిగూడెం ఆయన తన చెప్పులు విప్పి ఆవిడ ముందు పెట్టాడు. "వేసుకోండి అక్కయ్యగారూ. మెట్ట కాళ్ళు, రాళ్ళు అలవాటే" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. పెద్దవైన ఆ చెప్పులు టపటపమంటుంటే ఆవిడ నా పక్కన నడిచింది. సందు చీలిన ప్రతి చోటా నేను ఎత్తుకి పోయే దారే ఎంచుకున్నాను. హోటలు ఎటో కూడా చూసుకోలేదు. ఆవిడ ఎటని అడగలేదు.