ఏ గ్రూపు మనిషి ఏబీగా కనబడిన రోజు

1997, వర్షాకాలం. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో నేను టెక్నీషియన్‌గా చేరి అప్పటికి తొమ్మిదేళ్లు. ఎవరిది ఏ గ్రూపో తేల్చి, ఎక్కించబోయే రక్తం రోగికి సరిపడుతుందో లేదో చూసి పంపడం నా పని. నా రిపోర్టు తప్పంటే ఒళ్లు మండేది. తప్పు జరిగితే అది వార్డువాళ్లదేనని నా గట్టి నమ్మకం.

ఆ రోజు సర్జికల్ వార్డు నుంచి అప్పలరాజు అనే రోగి రక్తం శాంపిల్ వచ్చింది. భీమిలి వైపు చేపల వేటకు వెళ్లే మనిషి, యాభై దాటాయి. పెద్దపేగులో కణితి. నెలల తరబడి రక్తం పోయి హిమోగ్లోబిన్ ఐదుకు పడిపోయింది. రక్తం ఎక్కిస్తే తప్ప ఆపరేషన్ చెయ్యలేమన్నారు సర్జన్. గ్రూపు చూస్తే ఏబీ. ఏబీ బ్యాగు తీసి క్రాస్‌మ్యాచ్ పెట్టాను. అంటే రోగి రక్తంలో కణాలు పోగా మిగిలే నీటిలాంటి సీరమ్‌లో బ్యాగులోని కణాలు కలిపి చూడటం. సరిపడితే కణాలు విడివిడిగా ఉంటాయి. ఇక్కడ అన్నీ ముద్దలు కట్టేశాయి.

మా వైపు ఏ వార్డులో చూసినా ఇద్దరు అప్పలరాజులు ఉంటారు. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు తక్కువ. ఒకరి రక్తం ఇంకొకరి పేరు మీద పంపారని నర్సును నాలుగు మాటలని, సూదీ ట్యూబూ పట్టుకుని నేనే వెళ్లాను. నిజంగానే ఇద్దరున్నారు. మన మనిషెవరో అడిగి తెలుసుకుని నా చేత్తోనే రక్తం తీశాను. మళ్లీ ఏబీయే. ఇక తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

ఏబీ మనిషి సీరమ్‌లో బీ కణాల మీద తిరగబడే యాంటీబాడీ ఉండకూడదు. ఏ గ్రూపువాళ్లకు ఉండే ఆ యాంటీబాడీ ఈయనకు ఉంది. కణాలు ఏబీ అంటున్నాయి, సీరమ్ ఏ అంటోంది. వరండాలో కూర్చున్న ఆయన భార్య పోలమ్మను పిలిచి, ఇంతకుముందు ఎక్కడైనా గ్రూపు చూశారా అని అడిగాను.

"నా రెండో కానుపుకి రత్తం పోతే ఆయన రత్తమే నాకెక్కించారమ్మా. ఇద్దరిదీ ఏ అనే సెప్పారు. ఇప్పుడు మారిపోద్దేటి?"

మారదనే నేనూ చదువుకున్నాను. ఆయనది ఏబీ అయి ఉంటే ఆ కానుపులోనే ఈమె ప్రాణం మీదకు వచ్చేది. అలాంటిది నా ఎదుట నిక్షేపంగా నిలబడి ఉంది.

మా పెథాలజిస్టు మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ అంతా విని, కణితి పేగులోనే కదూ అని అడిగి, అట్ట ఊడిన పాత పుస్తకం తీశారు. అక్వైర్డ్ బీ, అంటే పుట్టుకతో కాక మధ్యలో వచ్చిన బీ, అన్న మాట ఆ రోజే మొదటిసారి విన్నాను. ఎర్రకణం పైపొర మీద చక్కెర గొలుసులుంటాయి. వాటి చివరి చక్కెరను బట్టే ఏ, బీ గ్రూపులు. ఆ రెంటికీ తేడా చాలా చిన్నది. కణితి వల్ల పేగు గోడ దెబ్బతింటే, లోపలి బ్యాక్టీరియా ఎంజైములు రక్తంలో చేరి ఏ చక్కెరలో ఒక చిన్న ముక్కను కోసేస్తాయి. పలక మీద 8 సగం చెరిగి 3లా కనబడ్డట్టు, కొన్నిచోట్ల ఏ కాస్తా బీలా కనబడుతుంది. మేము పరీక్షకు వాడే యాంటీ-బీ మందు దాన్ని చూసి బీ అనేసింది.

"ఆయన సీరమ్‌ను ఆయన కణాలతోనే కలిపి చూడు" అన్నారు మేడమ్.

కలిపాను. నిజమైన బీ కణాలను ముద్ద చేసిన ఆ సీరమ్, తన కణాల జోలికే వెళ్లలేదు. మైక్రోస్కోపు కింద అవి ఒక్కొక్కటిగా తేలుతున్నాయి. సీసాలో మందు మోసపోయింది, తొమ్మిదేళ్ల అనుభవం ఉన్న నేనూ మోసపోయాను. ఆ జబ్బుమనిషి రక్తం మాత్రం వేషం మారిన తనవాళ్లను పోల్చుకుంది. ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

ఏ గ్రూపు బ్యాగుతో క్రాస్‌మ్యాచ్ చక్కగా కుదిరింది. అయినా కళ్లారా ఏబీ అని చూసినదాన్ని ఏ అని రాసి సంతకం పెట్టడానికి భయమేసింది. బ్యాగు వెంట నేనూ వార్డుకు వెళ్లాను. రక్తం పడకపోతే చలీ నడుంనొప్పీ సాధారణంగా మొదటి పదిహేను నిమిషాల్లోనే మొదలవుతాయి. ఆయన మణికట్టు పట్టుకుని నిలబడి, చలిగా ఉందా అని నిమిషానికోసారి అడిగాను. చివరికి ఆయనే విసుక్కున్నాడు.

"నాకేటీ సలి లేదు గానీ, నువ్వే వణికిపోతన్నావేటమ్మా?"

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. రెండు నెలల తర్వాత భార్యాభర్తలిద్దరూ చూపించుకోవడానికి వచ్చినప్పుడు మళ్లీ గ్రూపు చూశాను. శుద్ధమైన ఏ. బీ జాడ లేదు. మళ్లీ మారదు కదా అని పోలమ్మ అడిగింది. మారదని చెప్పే ధైర్యం నాకు లేదు. ఏటా ఒకసారి వచ్చి చూపించుకోమన్నాను.

తర్వాత నా దగ్గర చాలామంది పిల్లలు పని నేర్చుకున్నారు. పరీక్షలు కలవడం లేదు, శాంపిల్ మార్చేశారు అంటూ ఎవరైనా వస్తే, మళ్లీ రక్తం తీసుకుని, ఆ మనిషికి జబ్బేమిటో కూడా కనుక్కుని రమ్మంటాను. ఆ కేసు నాకు నేర్పింది అదే.

అప్పలరాజు నేను బదిలీ అయ్యేదాకా ప్రతి ఏడూ వచ్చాడు. ఇన్నేళ్లలో కొన్ని వేల గ్రూపులు రాసి ఉంటాను. ఏ అని రాస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగింది ఆ ఒక్క మనిషికే.