తమ్ముడికి చెప్పని మంచు

చలికాలం వచ్చిందంటే హిల్డా మౌన్సీకి చేతినిండా పని. తెల్లవారగానే వుల్ఫ్‌పైక్ కొండ ఎక్కి, పైన మంచు ఎంత గట్టిగా ఉందో, గాలి ఎటు కొడుతోందో, ఎక్కడ కాలు నిలుస్తుందో, ఎక్కడ నిలవదో చూసి రావాలి. వచ్చి సత్రం గోడకున్న నల్లబోర్డు మీద సుద్దతో రాయాలి. పట్నాల నుంచి కొండ నడకకు వచ్చే జనం అది చదువుకుని, ఎక్కాలో మానాలో తేల్చుకుంటారు. ఉత్తర ఇంగ్లండు కొండల్లో ఇదీ ఒక ఉద్యోగమే.

స్కార్‌బెక్ లోయవాళ్ళు మాత్రం ఆ బోర్డు వైపు తల తిప్పరు. అది బయటినుంచి వచ్చినవాళ్ళ కోసం, మనకెందుకు అంటారు. గొర్రెల కాపరికి అతని కొండ గురించి ఇంకొకరు చెప్పడమంటే, ఇంట్లోకి వచ్చి పొయ్యి ఎలా వెలిగించుకోవాలో చెప్పినంత అవమానం. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ లోయలో అయితే ఆ చెట్టు పేరెత్తినా కోపమే.

ఆ కొండ మీద పెరిగిన పిల్ల హిల్డా. తండ్రి బతికున్నంత కాలం మంద వెంట తిరిగింది ఆమే. ఆయన పోయాక మంద తమ్ముడు జోస్‌కు వెళ్ళింది, మగపిల్లవాడు కాబట్టి. ఎవరూ ఆమెను అడగలేదు, ఆమె కూడా నోరు విప్పలేదు. ఆ కడుపుమంట మాత్రం చల్లారలేదు. ఆమెకు యాభై దాటినా అది అలాగే ఉంది.

ఆ వారం వానలు పడి మంచు నానింది. ఒక సాయంత్రం సత్రంలో హిల్డా ఉండబట్టలేక అనేసింది.

"మబ్బు విడితే రాత్రి చలికి ఉత్తరపు వాలంతా గడ్డకట్టి బిగుసుకుపోద్ది. బూట్లకి ఇనప ముళ్ళు లేకుండా అటెళ్ళకండి."

జోస్ బీరు గ్లాసు పైకెత్తి అందరికీ వినపడేలా అందుకున్నాడు. "విన్నార్రా? నా కొండ మీద మంచు కట్టాలన్నా మా అక్క సెలవియ్యాలంట! గొర్రె లేదు, గొంగడి లేదు, కొండ మాత్రం ఈవిడదే!"

సత్రం గొల్లుమంది. జోస్ భార్య ఆగ్నెస్ కూడా నవ్వింది. హిల్డా గ్లాసు అక్కడే వదిలేసి బయటికొచ్చింది. ఇక వీడితో కొండ ఊసెత్తితే ఒట్టు అనుకుంది.

మర్నాటికి మబ్బు విడిపోయింది. హిల్డా ఎక్కి చూస్తే ఉత్తరపు వాలు గాజు పలకలా ఉంది. దాని మీద పలచగా కొత్త మంచు రాలి, చూడటానికి మెత్తగా, నమ్మకంగా కనిపిస్తోంది. బూట్లకు ఇనుప ముళ్ళు కట్టుకుని, చేతిలో మంచుగొడ్డలి ఉండి కూడా ఆమె అక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిచింది.

దిగి వస్తుంటే రాతిగోడ సందు దగ్గర జోస్ ఎదురయ్యాడు. రబ్బరు బూట్లు, చేతికర్ర, వెనక కుక్క. సాయంత్రానికి మంచుతుఫాను వస్తుందన్నారు. అతని గొర్రెలు ఉత్తరపు వైపే ఉన్నాయి, వాటిని దింపుకురావడానికి బయల్దేరాడు.

"ఏంటక్కా, అప్పుడే దిగొచ్చేశావ్?"

"నీ కుక్క కుంటుతోంది."

"ముల్లు గుచ్చుకుంది. తీసేశాలే."

అతడు సందు దాటి, నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. వెటకారానికి అన్నాడో, నిజంగానే అడిగాడో ఆమెకు ఎప్పటికీ తెలియదు.

"పైన ఎట్టా ఉంది?"

"బోర్డు మీద రాస్తాగా. ఎల్లి చదువుకో."

జోస్ పకపకా నవ్వాడు. "చదువులు నీకే అబ్బినాయిలే అక్కా. నేను గొర్రెలోణ్ణి!" అంటూ ఎక్కిపోయాడు.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ సామెత కట్టినవాడు మంచుకొండ ఎక్కినవాడు కాదు. ఇక్కడ కాలు జారినా అంతే.

పిలుద్దామనుకుని హిల్డా ఆగింది. వాడు పుట్టింది ఇక్కడే, ఆ మాత్రం చూసుకోడా అని సర్దిచెప్పుకుంది. ఒక్కసారి జర్రున జారి, తిట్టుకుంటూ వెనక్కి వస్తే బాగుండునని కూడా అనుకుంది. అంతకన్నా ఎక్కువ కోరుకోలేదు పాపం, కానీ అంత మాత్రం కోరుకుంది.

సత్రానికి వెళ్ళి పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. లీడ్స్ పట్నం నుంచి వచ్చిన ఒక జంట అది చదివి ఆగిపోయారు. "మీరు లేకపోతే అటే వెళ్ళేవాళ్ళమండీ" అని ఆమె చెయ్యి పట్టుకుని మరీ చెప్పారు.

మధ్యాహ్నం దాటాక కుక్క ఒక్కటే ఇంటికొచ్చింది.

కొండల్లో ఆపదలో పడ్డవాళ్ళను వెతికే దళం అంటే ఎవరో కాదు, చేతిలో పని వదిలేసి వచ్చే ఇరుగుపొరుగే. హిల్డా వాళ్ళ ముందు నడిచింది. ఎక్కడ చూడాలో ఎవరూ ఆమెను అడగలేదు. జోస్ ఉత్తరపు వాలు అడుగున, బండల మధ్య దొరికాడు. అప్పటికే చల్లబడిపోయాడు. తప్పు ఎవరిదన్న మాట ఆ దళంలో ఎవరూ ఎత్తరు, అది వాళ్ళ నియమం. ఆ నియమం చాటున హిల్డా కూడా నోరు మూసుకుని కిందికి నడిచింది.

గొర్రెలు ఆ రాత్రే గాలి తగలని వైపు నుంచి, ఎవరూ తోలకుండానే దిగొచ్చి గోడ పక్కన నిలబడ్డాయి.

ఖననమయ్యాక ఆగ్నెస్ ఇంట్లో అందరికీ టీ, పంది మాంసం ముక్కలు, అల్లం రొట్టె పెట్టారు. జనం వెళ్ళిపోయాక వంటింట్లో వదినా మరదళ్ళు ఇద్దరే మిగిలారు. ఆగ్నెస్ గిన్నెలు తోముతోంది, హిల్డా తుడుస్తోంది.

"వదినా, ఆ రోజు పొద్దున ఆయన నీకు దారిలో ఎదురుపడ్డాడా?"

"పడ్డాడు."

"ఏమన్నా అడిగాడా?"

లేదంటే సరిపోయేది. కానీ తమ్ముడి చివరి మాటను కూడా మింగేయడానికి హిల్డాకు మనసొప్పలేదు. "పైన ఎట్టా ఉందని అడిగాడు. బోర్డు మీద రాస్తా, చదువుకోమన్నాను."

ఆగ్నెస్ చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. తిడుతుందేమోనని హిల్డా ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది.

"అబద్ధమన్నా చెప్పాల్సింది వదినా" అంది ఆగ్నెస్. "నేను నమ్మేదాన్ని."